మాడింది డయోడు – బతికింది పెడల్

వార్షికోత్సవ సంచికకు సాంస్కృతిక బృందం తరఫున ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం అడిగినప్పుడు పాట గురించి రాద్దామని కొందరం, డప్పు గురించి రాద్దామని కొందరం అనుకున్నాం. చివరికి ఒక డయోడు గురించి రాస్తున్నాం. రెండు రూపాయలు చేయని ఆ వస్తువు వల్ల పోయిన ఏడాది మా బృందంలో నాలుగు రోజులు ఎవరం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోలేదు. ఒక తమ్ముడైతే మెస్సుకు రావడమే మానేశాడు. అదే పొరపాటు రేపు ఇంకొకరి చేతిలో జరగవచ్చు గనుక, ఏం జరిగిందో, ఎలా బాగు చేశామో పూర్తిగా రాసి పెడుతున్నాం. మనలో ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లు తక్కువ. పదో తరగతి ఫిజిక్స్ గుర్తుంటే చాలు, అర్థమవుతుంది. బాగా తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టాలని మనవి.

మా బృందానికి రెండు డప్పులు, ఒక డోలక్, ఒక పాత కీబోర్డు, ఒక ఎలక్ట్రిక్ గిటారు ఉన్నాయి. గిటారును, దానితో పాటు కాలితో నొక్కే ఒక చిన్న ఇనప పెట్టెను మన పూర్వ విద్యార్థి అన్న ఒకాయన ఇచ్చి వెళ్లారు. ఆయన ఊళ్లో చర్చి క్వయర్‌లో వాయిస్తూ గిటారు నేర్చుకుని, ఉద్యోగం వచ్చిన తర్వాత మొదట కొనుక్కున్నవి ఇవేనట. ఆ పెట్టెనే ఎఫెక్ట్స్ పెడల్ అంటారు. గిటారు నుంచి వచ్చే వైరు దానిలోకి వెళ్లి, అక్కడి నుంచి యాంప్లిఫయర్‌కు వెళుతుంది. పెడల్ మీద కాలు వేసి నొక్కితే సన్నగా వచ్చే తీగ శబ్దం ఒక్కసారిగా గరుకుగా, బరువుగా మారిపోతుంది. మాది డిస్టార్షన్ పెడల్. డప్పు దరువు మీద ఆ గరుకు శబ్దం ఎంత బాగా కూర్చుంటుందో మన హాస్టల్లో విననివాళ్లు లేరు.

ఈ గరుకు శబ్దం ఇచ్చే పెడల్ పుట్టిందే ఒక రిపేరు వల్ల అని చెబితే ఆశ్చర్యంగా ఉంటుంది. 1961లో అమెరికాలో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి 'డోంట్ వర్రీ' పాట విడుదలైంది. అది నాష్‌విల్లో రికార్డు అవుతున్నప్పుడు గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బేస్ గిటారు శబ్దం, మిక్సింగ్ బల్లలో ఒక భాగం చెడిపోవడం వల్ల, చీలిపోయి బొంగురుగా వచ్చింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. జనానికి నచ్చింది. ఆ రికార్డింగ్ ఇంజనీరు గ్లెన్ స్నాడీ అదే శబ్దాన్ని కావాలన్నప్పుడు తెప్పించే సర్క్యూట్ తయారు చేశాడు. గిబ్సన్ సంస్థ దాన్ని 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ అనే పేరుతో అమ్మింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం 'శాటిస్‌ఫ్యాక్షన్' పాటలో వాడిన తర్వాత దానికి ప్రపంచమంతా గిరాకీ వచ్చింది. ఇప్పుడు మన కాళ్ల కింద ఉన్న ప్రతి డిస్టార్షన్ పెడలూ దాని వారసుడే.

ఇక అసలు సంగతికి వస్తాం. పోయిన ఏడాది వార్షికోత్సవానికి నాలుగు రోజుల ముందు రాత్రి రిహార్సల్ జరుగుతోంది. పెడల్‌లో బ్యాటరీ అయిపోయింది. దాని అడాప్టర్ ఎక్కడ పెట్టామో ఎవరికీ గుర్తు లేదు. అప్పుడు ఒక తమ్ముడు చొరవగా వెళ్లి వరండాలోని సీసీ కెమెరా అడాప్టర్ పీకి తెచ్చాడు. పిన్ను చక్కగా పట్టింది. కానీ పెడల్ మీద ఎర్ర లైటు వెలగలేదు. సరిగ్గా పట్టలేదేమోనని ఇంకాస్త లోపలికి నొక్కి పట్టుకున్నాడు. పది, పదిహేను సెకన్లు గడిచాయో లేదో, సన్నగా పొగ, కాలిన వాసన. అంతే.

కెమెరా అడాప్టరే పీకేశాం గనుక ఈ సంఘటన కెమెరాలో పడలేదు. తమ్ముడు దాచాలనుకుంటే దాచగలిగేవాడు. కానీ తనే వచ్చి, "అన్నా, పిన్ను పట్టింది కదా అని పెట్టాను. ఎంతవుతుందో చెప్పండి, మా అమ్మనడిగి తెస్తాను" అన్నాడు. వాళ్లమ్మ మిరప కోతలకు కూలికి వెళుతుంది. కొత్త పెడల్‌కు ఎన్ని రోజుల కూలి అవుతుందో అతను చెప్పకముందే మాకు లెక్క తెలుసు. మాలో చాలామంది ఇళ్లలో అదే లెక్క. మాలో ఒకరిద్దరు కోపంలో అనకూడని మాటలు కూడా అన్నాం. ఆ మాటలు ఇక్కడ రాయడం లేదు గానీ అన్నామని మాత్రం ఒప్పుకుంటున్నాం.

మర్నాడు బజారులో ఒక టీవీ రిపేరు షాపుకు పట్టుకెళ్లాం. ఆయన వెనక మూత తీసి, వాసన చూసి, "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నారు. ఆయనను తప్పు పట్టలేం. అలాంటి పెట్టెను ఆయన చూడటం అదే మొదటిసారి. మాలో ఇద్దరం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నాం. అంతవరకు ప్రాక్టికల్ రికార్డులో బొమ్మలు గీయడమే గానీ చెడిపోయిన వస్తువు ఒక్కటీ విప్పి చూడలేదు. ల్యాబ్ సార్‌ను అడిగి మల్టీమీటర్ తెచ్చుకున్నాం. తలా కొంచెం వేసుకుని 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, కాస్త టంకం వైరు కొన్నాం.

మూత నాలుగు స్క్రూలతో ఉంటుంది. తీయగానే కంటికి కనిపించింది. పవర్ జాక్ నుంచి బోర్డులోకి వెళ్లే సన్నని రాగి గీత నల్లగా మాడి, పైకి లేచి, మధ్యలో తెగిపోయి ఉంది. దారి తెగింది కాబట్టే పెడల్ చచ్చిందని తేల్చేశాం. తెగిన చోట చిన్న వైరు ముక్క టంకం వేసి కలిపి, కొత్త 9 వోల్టుల బ్యాటరీ పెట్టాం. లైటు వెలగలేదు సరికదా, నిమిషంలో బ్యాటరీ చేతికి వేడిగా తగిలింది. గబగబా పీకేశాం. ఐసీ పోయిందన్నారు ఒకరు. షాపు ఆయన చెప్పిందే నిజమన్నారు ఇంకొకరు. ఆ రాత్రి పెడల్‌ను అలాగే వదిలేసి పడుకున్నాం.

మేం చేసిన తప్పేమిటో తెలియాలంటే ఆ చోట ఏం ఉంటుందో ముందు చెప్పాలి.

డయోడు అంటే కరెంటుకు ఒంటి దారి. సైకిల్ ట్యూబులో వాల్వు ఉంటుంది కదా, గాలి లోపలికే పోతుంది, బయటికి రాదు. డయోడు కూడా అంతే. నల్లటి చిన్న గొట్టంలా ఉండి ఒక చివర వెండి రంగు గీత ఉంటుంది. గీత లేని వైపు నుంచి గీత ఉన్న వైపుకు కరెంటును పోనిస్తుంది, తిరిగి రానివ్వదు. మా పెడల్‌లో ఉన్నది 1ఎన్4001 రకం. షాపుల్లో అంతటా దొరికేదే. అది నిలకడగా మోయగలిగింది ఒక ఆంపియరు.

ఆ డయోడును దారిలో అడ్డంగా పెట్టలేదు. ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య, వెండి గీత ప్లస్ వైపు ఉండేలా, కలిపి పెట్టారు. అంటే అడాప్టర్ సరిగ్గా పెట్టినన్నాళ్లు దానికి పనేమీ లేదు. ఊరికే కూర్చుని ఉంటుంది. చెరువుకు అలుగు ఎందుకు కడతారో మనకు తెలుసు. మామూలు రోజుల్లో అలుగు మీద మేకలు పడుకుంటాయి. వరద వచ్చిన రోజున నీళ్లు దాని మీదుగా పోతాయి, గట్టు నిలుస్తుంది. ఇక్కడా అంతే. ప్లస్, మైనస్ తారుమారైన రోజున కరెంటు మొత్తం ఈ డయోడు గుండా పారిపోతుంది. అప్పుడు లోపలి సర్క్యూట్ మీద పడే తలకిందులు వోల్టేజి 12 వోల్టులు కాదు, ఒక వోల్టుకు అటూ ఇటూ మాత్రమే. ఐసీ బతుకుతుంది. కండెన్సర్ బతుకుతుంది.

కానీ అలుగుకూ ఒక హద్దుంది. మేం పెట్టిన సీసీ కెమెరా అడాప్టర్ 12 వోల్టులు, 2 ఆంపియర్లు ఇచ్చేది. ఒక ఆంపియరు మోసే డయోడులో రెండు ఆంపియర్లు పది సెకన్లకు పైగా పారితే అది వేడెక్కి లోపలే కరిగి అతుక్కుపోతుంది. డయోడులు ఇలా ఎక్కువ కరెంటుతో పోయినప్పుడు చాలాసార్లు తెగిపోవు, రెండు వైపులా దారి తెరుచుకుని మామూలు తీగ ముక్కలా అయిపోతాయి. దాన్నే షార్ట్ అంటాం. ఆ తర్వాత దారిలోని రాగి గీత కూడా మాడి తెగింది. అంటే అక్కడ రెండు దెబ్బలు ఉన్నాయి. మేం ఒక్కటే చూశాం. తెగిన గీతను కలిపేసరికి బ్యాటరీ ప్లస్, మైనస్ నేరుగా ఆ చచ్చిన డయోడు గుండా కలిసిపోయాయి. బ్యాటరీ వేడెక్కక ఏం చేస్తుంది?

ఇది తట్టింది మూడో రోజు పొద్దున. బ్యాటరీ తీసేసి, మల్టీమీటర్‌ను డయోడు గుర్తు మీద పెట్టి కొలిచాం. మంచి డయోడు అయితే ఎర్ర వైరు గీత లేని కాలు మీద, నల్ల వైరు గీత ఉన్న కాలు మీద పెట్టినప్పుడు 0.5 నుంచి 0.7 వరకు చూపిస్తుంది. వైర్లు మార్చి పెడితే ఏమీ పోవడం లేదని చూపాలి. మాకు రెండు వైపులా సున్నాయే వచ్చింది, పైగా మీటరు కుయ్యిమని కూసింది. అయినా అప్పుడే తీర్పు చెప్పకూడదు. ఎందుకంటే బోర్డు మీద ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య ఇంకా చాలా వస్తువులుంటాయి. వాటిలో ఏది షార్ట్ అయినా మీటరు ఇలాగే కూస్తుంది. అందుకని డయోడు ఒక కాలును టంకం కరిగించి పైకి లేపాం. మళ్లీ కొలిస్తే డయోడు ఇంకా కూస్తోంది. బోర్డు కూయడం మానేసింది. కండెన్సర్ నిండుతున్నట్టు అంకె మెల్లగా పెరుగుతూ పోయింది. దొంగ ఎవరో తేలిపోయింది. నిజానికి దొంగ అనకూడదు. కాపలాదారే దెబ్బ తిన్నాడు.

ఇక్కడ ఒక మాట. అన్ని పెడళ్లలోనూ మాడేది ఇదే కాదు. కొన్నింటిలో డయోడుకు ముందు దారిలో 47 ఓములో, 100 ఓములో ఉండే చిన్న రెసిస్టర్ పెడతారు. అప్పుడు లెక్క మారుతుంది. పదో తరగతిలో చదివిన ఓమ్ నియమం ఇక్కడే పనికొస్తుంది. 12 వోల్టులు తలకిందులుగా పెడితే డయోడు మీద 0.7 పోగా మిగతా 11.3 వోల్టులు 100 ఓముల రెసిస్టర్ మీద పడతాయి. కరెంటు 0.113 ఆంపియరు. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే దాదాపు 1.28 వాట్లు. ఆ రెసిస్టర్ మోయగలిగింది పావు వాటు. ఐదింతల బరువు! అందుకని అక్కడ డయోడు క్షేమంగా ఉండి రెసిస్టర్ బొగ్గవుతుంది. అలా మాడిన రెసిస్టర్ రంగుల గీతలను నమ్మవద్దు. వేడికి ఎరుపు, నారింజ రంగులన్నీ గోధుమ రంగులోకి తిరుగుతాయి. ఆ పెడల్ సర్క్యూట్ బొమ్మ చూసో, అదే రకం మంచి పెడల్ విప్పి చూసో విలువ తెలుసుకోవడం మేలు.

డయోడు పూర్తిగా పీకేసిన తర్వాత పెడల్‌ను పరీక్షించడానికి మళ్లీ బ్యాటరీ నేరుగా పెట్టే ధైర్యం మాకు లేదు. ఒకసారి కాలిన చెయ్యి. అందుకని బ్యాటరీ ప్లస్ దారిలో 470 ఓముల రెసిస్టర్ ఒకటి వరుసగా కలిపాం. లోపల ఇంకా షార్ట్ ఉంటే 9 వోల్టులూ ఆ రెసిస్టర్ మీదే పడతాయి, కరెంటు 19 మిల్లీయాంపులు దాటదు, ఏదీ కాలదు. షార్ట్ లేకపోతే పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. రిపేరు షాపుల్లో టీవీ మొదటిసారి ఆన్ చేసేటప్పుడు వరుసలో బల్బు పెడతారే, అదే ఉపాయం చిన్న ఎత్తున. రెసిస్టర్ మీద 2.6 వోల్టులు వచ్చింది. అంటే పెడల్ తీసుకుంటున్నది ఐదున్నర మిల్లీయాంపులు. ఇలాంటి పెడల్‌కు అది సహజమైన తిండి. ఎర్ర లైటు మసకగా వెలిగింది. 470 ఓములు తీసేసి బ్యాటరీ నేరుగా పెట్టి గిటారు తగిలించాం. మోగింది.

మెస్సుకు రాని తమ్ముణ్ణి గదిలోంచి పిలుచుకొచ్చి ముందు అతని చేతే వాయింపించాం.

అప్పుడు మాలో ఒక వాదన వచ్చింది. డయోడు లేకుండానే బ్రహ్మాండంగా పని చేస్తోంది కదా, ఇంక కొత్తది వేయడం ఎందుకు? చాలా చోట్ల రిపేరు ఇక్కడితోనే ఆగిపోతుంది. కాలిన కాపలాను పీకి పారేసి, సామాను మోగుతోంది కాబట్టి బాగైందనుకుంటారు. దీనికి మేం ఒప్పుకోలేదు. ఈసారి ఎవరైనా తప్పు అడాప్టర్ పెడితే దెబ్బ నేరుగా ఐసీకీ, కండెన్సర్‌కూ తగులుతుంది. అప్పుడు షాపు ఆయన అన్నట్టు నిజంగానే బోర్డు పోతుంది. పైగా రాత్రిపూట, చీకట్లో, పది మంది చేతులు పడే చోట వాడే వస్తువు ఇది. జాగ్రత్తగా ఉండండని చెప్పడం ఒక్కటే సరిపోదు. వార్షికోత్సవం మర్నాడే గనుక ఆ ఒక్క రోజుకు పవర్ జాక్ రంధ్రానికి టేపు అంటించి, బ్యాటరీ మీదే వాయించాం. కార్యక్రమం బాగా జరిగింది. డప్పులను మంట దగ్గర కాచుకుంటూ మా డప్పు అన్న, "మా వాయిద్యం కాలిస్తేనే మోగుతుంది, మీది కాలిస్తే మూగబోతుంది" అని ఏడిపించాడు.

తర్వాతి వారం హైదరాబాదులో చదువుతున్న మా సీనియర్ ఒకాయన కోఠి గుజరాతీ గల్లీ నుంచి సామాన్లు తెచ్చారు. ఆ గల్లీకి ఒక్కసారైనా వెళ్లి చూడండి. ఎలక్ట్రానిక్స్ విద్యార్థికి అది జాతర. తెచ్చినవి పది డయోడులు, 100 మిల్లీయాంపుల పాలీఫ్యూజులు రెండు, డీసోల్డర్ వైరు, ఫ్లక్స్ డబ్బా.

ముందుగా మాడిన చోటును శుభ్రం చేయాలి. బోర్డు బొగ్గయితే ఆ బొగ్గు గుండా కూడా కరెంటు కొద్దిగా పారవచ్చు. అందుకని బ్లేడుతో నల్లదనం పోయేదాకా గీకి, స్పిరిట్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో తోమాం. రంధ్రాల్లో మిగిలిన పాత టంకాన్ని డీసోల్డర్ వైరుతో లాగేశాం. సోల్డరింగ్ ఐరన్‌ను ఒకే చోట మూడు నాలుగు సెకన్లకు మించి ఉంచవద్దు. ఉంచితే రాగి బిళ్ల ఊడి వస్తుంది. మాకు ఒకటి ఊడింది కూడా. దాని బదులు డయోడు కాలునే పొడుగ్గా వంచి పక్క గీతకు అంటించాల్సి వచ్చింది. చూడటానికి అందంగా లేదు, గట్టిగా మాత్రం ఉంది. కొత్త డయోడు వేసేటప్పుడు వెండి గీత ప్లస్ వైపే ఉందని ఇద్దరు వేర్వేరుగా చూసి చెప్పాలి. తలకిందులుగా వేస్తే మామూలు అడాప్టర్ పెట్టినా మళ్లీ మొదటి కథే.

ఇక పాలీఫ్యూజు. ఇది పసుపు రంగు బిళ్లలా ఉంటుంది. మామూలు ఫ్యూజు కాలితే తీసి పారేయాలి. ఇది అలా కాదు. ఎక్కువ కరెంటు పారితే వేడెక్కి తన నిరోధాన్ని విపరీతంగా పెంచుకుంటుంది, దారి దాదాపు మూసుకుపోతుంది. అడాప్టర్ పీకేసి కాసేపు చల్లారనిస్తే మళ్లీ మామూలవుతుంది. మా అదృష్టం కొద్దీ దాన్ని పెట్టడానికి చోటు కూడా సిద్ధంగానే ఉంది. రాగి గీత తెగిన చోట మొదట మేం వేసిన వైరు ముక్కను తీసేసి అక్కడ పాలీఫ్యూజును కూర్చోబెట్టాం. పెడల్ తీసుకునేది ఐదారు మిల్లీయాంపులే గనుక దాని వల్ల శబ్దంలో తేడా ఏమీ రాదు. తప్పు అడాప్టర్ పెడితే డయోడు వరదను దారి మళ్లిస్తుంది, అది కాలిపోయే లోపే పాలీఫ్యూజు తూము మూసేస్తుంది.

పెడల్‌లో పెట్టకముందు మిగిలిన డయోడునూ, రెండో పాలీఫ్యూజునూ విడిగా చిన్న బోర్డు ముక్క మీద కలిపి, అదే సీసీ కెమెరా అడాప్టర్‌ను కావాలని తలకిందులుగా తగిలించి చూశాం. ఈసారి వార్డెన్ సార్‌ను అడిగే తెచ్చాం. మీటరులో కరెంటు ఒక్క క్షణం ఎగిరి, వెంటనే ముప్పై మిల్లీయాంపుల చుట్టూ పడిపోయింది. డయోడు చల్లగానే ఉంది. పాలీఫ్యూజు మాత్రం వేలు పెట్టలేనంత వేడి.

వేరే పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. 1ఎన్5817 అనే షాట్కీ డయోడును ప్లస్ దారిలోనే వరుసగా పెట్టవచ్చు. అప్పుడు తలకిందులు అడాప్టర్ పెడితే దారే మూసి ఉంటుంది, ఏదీ కాలదు. కాకపోతే మామూలు రోజుల్లో 0.2 నుంచి 0.3 వోల్టులు అక్కడ సుంకంగా పోతాయి. 9 వోల్టుల పెడల్‌కు అది పెద్ద నష్టమేమీ కాదు. ఆ సుంకం కూడా ఇష్టం లేనివాళ్లు మాస్‌ఫెట్ వాడతారు. మాకు దొరికినవి, మాకు అర్థమైనవి ఇవి గనుక ఇవే వేశాం. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. మేం చేసిన కాపలా ప్లస్, మైనస్ తారుమారైతేనే పనికొస్తుంది. ప్లస్, మైనస్ సరిగ్గానే ఉండి 18 వోల్టులు, 24 వోల్టులు పెడితే డయోడు చూస్తూ ఊరుకుంటుంది. 16 వోల్టుల కండెన్సర్ ఉబ్బిపోతుంది.

అసలు పిన్ను పట్టిన అడాప్టర్ ఎందుకు పట్టకూడదన్న ప్రశ్న చాలామంది అడిగారు. సీసీ కెమెరా, ఇంటర్నెట్ రౌటర్ వంటి వాటి అడాప్టర్లలో పిన్ను లోపలి రంధ్రం సాధారణంగా ప్లస్, బయటి గొట్టం మైనస్. గిటారు పెడళ్లలో చాలావరకు దీనికి తలకిందులు. లోపల మైనస్, బయట ప్లస్. గిటారువాళ్ల మొండితనం అనుకోవద్దు, దానికి కారణం ఉంది. పెడల్‌లో బ్యాటరీ కూడా ఉంటుంది. అడాప్టర్ పిన్ను గుచ్చగానే బ్యాటరీ దానంతటదే విడిపోవాలి. జాక్ లోపల ఆ పని చేసే చిన్న రేకు బయటి గొట్టాన్ని తాకే వైపున ఉంటుంది. బయటి గొట్టానికి ప్లస్ ఇస్తే ఆ రేకుతో బ్యాటరీ ప్లస్‌ను విడదీయవచ్చు. బ్యాటరీ మైనస్‌ను ఎలాగూ గిటారు వైరు గుచ్చే జాక్ కలుపుతుంది. అందుకే గిటారు వైరు గుచ్చి వదిలేస్తే వాయించకపోయినా బ్యాటరీ అయిపోతుంది. ఆ రాత్రి రిహార్సల్‌కు బ్యాటరీ లేకపోవడానికి కారణం కూడా అదే. ముందు రోజు వైరు పీకకుండా వెళ్లిపోయింది తమ్ముడు కాదు, మేమే.

అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది. మధ్యలో చుక్క, దాని చుట్టూ సగం వలయం, రెంటికీ చెరో గీత, చివర్లలో ప్లస్, మైనస్ గుర్తులు. చుక్క నుంచి వచ్చిన గీత మైనస్‌కు చేరితే మధ్య మైనస్ అన్నమాట. పెడల్ మీద కూడా జాక్ పక్కన అదే బొమ్మ ఉంటుంది. రెండూ ఒకేలా ఉన్నాయా అని చూడాలి. వోల్టులు కలవాలి. ఏ.సి. అని రాసిన అడాప్టర్ అయితే, పెడల్ మీద కూడా ఏ.సి. అని ఉంటేనే పెట్టాలి. ఆంపియర్ల గురించి మాత్రం భయపడనక్కర్లేదు. పెడల్‌కు పది మిల్లీయాంపులు కావాలి, అడాప్టర్ మీద 500 అని ఉంది, కాలిపోతుందేమో అని అడుగుతుంటారు. కాలదు. మెస్సులో గంగాళం నిండా సాంబారు ఉన్నంత మాత్రాన మన కంచంలో అంతా పోయరు కదా. మనకు పట్టినంతే వడ్డించుకుంటాం. పెడల్ కూడా అంతే.

పైన చెప్పిందంతా 9 వోల్టుల వైపు పని. అడాప్టర్‌ను మాత్రం ఎవరూ విప్పవద్దు. దాని లోపల 230 వోల్టులు ఉంటాయి.

పెడల్ ఇచ్చిన అన్నకు విషయం ఫోనులో చెప్పాం. కోప్పడతారేమో అనుకుంటే, తన దగ్గర ఉన్నప్పుడు కూడా ఒకసారి ఇలాగే పొగ వచ్చిందనీ, అప్పుడు ఎవరో డయోడు మార్చారనీ తాపీగా చెప్పారు. ఈ మాట మాకు నాలుగు రోజుల ముందు తెలిసి ఉంటే బాగుండేది.

ఈ ఏడాది ఆ పెడల్ బాధ్యత ఆ తమ్ముడిదే. సోల్డరింగ్ మాకంటే శుభ్రంగా చేస్తున్నాడు. హాస్టల్లోని రెండు మొబైల్ చార్జర్ వైర్లు, కీబోర్డు ఫుట్ స్విచ్ ఇప్పటికే బాగు చేశాడు. 9 వోల్టుల అడాప్టర్‌కు ఎర్ర టేపు చుట్టి, 'గిటారుకు మాత్రమే' అని రాసి, పెడల్‌కే తాడుతో కట్టేశాడు. మిగిలిన డయోడులు ఏడు, సోల్డరింగ్ ఐరన్, టంకం వైరు రిహార్సల్ గదిలో కిటికీ పక్క అలమారా కింది అరలో ఉన్నాయి. మల్టీమీటర్ ల్యాబ్ సార్‌కు తిరిగి ఇచ్చేశాం. పూర్వ విద్యార్థుల్లో ఎవరి దగ్గరైనా వాడని మీటరు ఉంటే పంపితే సంతోషం. మాడిన డయోడు కూడా అదే అరలో అగ్గిపెట్టెలో ఉంది. మీటరు పెట్టి చూడదలచిన వాళ్లు చూడవచ్చు, ఇప్పటికీ రెండు వైపులా కూస్తుంది.